ఎండాకాలంలో ఏటి మడుగుకు ఈతకు పోతున్నారా? దిగేముందు ఇవి చూసుకోండి

కడప జిల్లాలో ఏప్రిల్ సగానికే ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పిల్లలకు సెలవులు, కరెంటు ఉన్నా కూలర్‌లోంచి వేడి గాలే. ఇంట్లో ఎవరో ఒకరు "ఏటికి పోదామా" అంటారు. పోవచ్చు, తప్పేం లేదు. అయితే మన ఏర్ల తీరు వేరు. పెన్న, పాపాఘ్ని, చెయ్యేరు వేసవిలో పెద్దగా పారవు. కనుచూపు మేర ఇసుక, మధ్యలో అక్కడక్కడా నిలిచిన మడుగులు. నీళ్లు కదలకుండా ఉంటాయి కాబట్టి "ఇందులో ఏముందిలే" అనిపిస్తుంది. ఆ నమ్మకంతోనే దిగుతారు. ప్రవాహంలో కొట్టుకుపోయేంత నీళ్లు ఉండవు గానీ, మోకాళ్ల లోతులో నడుస్తున్న మనిషికి తర్వాతి అడుగులో నేల అందదు. చాలా ప్రాణాలు అక్కడే పోతాయి.

అందుకే నేను చెప్పేదంతా నీళ్ల అడుగు గురించే. పైన నీళ్లు ఎంత తేటగా, ఎంత చల్లగా ఉన్నా, కింద ఏముందో తెలియకుండా దిగొద్దు.

మడుగు ఎలా పుట్టిందో చూడండి

మడుగును చూడగానే ఇది ఎందుకు ఇక్కడ ఏర్పడింది అని ఒక్క నిమిషం ఆలోచించండి. లోతు ఎక్కడుందో సగం అక్కడే తెలిసిపోతుంది.

ఏరు వంపు తిరిగే చోట బయటి గట్టును వరద కోసేస్తుంది, లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది. కాబట్టి నిటారుగా కోసుకుపోయిన గట్టు వైపు లోతు, ఇసుక తిన్నె వైపు మెరక. దిగితే తిన్నె వైపు నుంచే దిగాలి. చెట్టు నీడ బాగుందని కోత గట్టు మీద నుంచి దూకడం చాలామంది చేసే పని. వంతెన స్తంభాల చుట్టూ వరద సుడి తిరిగి గుంతలు పెడుతుంది. ఆనకట్టలు, చెక్‌డ్యాంల కిందా అంతే, పైనుంచి పడే నీళ్లు అడుగును తవ్వేస్తాయి. ఈ రెండు చోట్లా ఈత వద్దు.

కొండల్లో బండల మధ్య ఉండే దొనల సంగతి వేరు. అక్కడ ఇసుక గోల ఉండదు గానీ అంచు నుంచే లోతు మొదలవుతుంది, పాచి పట్టిన బండ మీద కాలు నిలవదు. దిగడం సులభం, ఎక్కడం కష్టం. ఎక్కే దారి ముందు చూసుకోకుండా దొనలో దిగొద్దు.

అన్నింటికంటే చెడ్డది జేసీబీతో ఇసుక తవ్వేసిన గుంత. కొత్తదైతే గుర్తుపట్టడం తేలికే. ట్రాక్టర్ల చక్రాల జాడలు నేరుగా నీళ్ల దాకా పోతాయి, పక్కన ఏరి పారేసిన గులకరాళ్ల కుప్పలు ఉంటాయి, అంచు గీత గీసినట్టు ఉంటుంది. ఒక వానాకాలం గడిచిందంటే ఈ గుర్తులన్నీ చెరిగిపోతాయి. పైకి మామూలు మడుగులాగే కనిపిస్తుంది, లోపల మాత్రం గోడ బావి ఒరలా నిటారుగానే ఉంటుంది. దాని అంచున నిలబడితే కాలి కింద ఇసుక మెల్లగా జారడం తెలుస్తుంది. మడమ కింద ఖాళీ అవుతుంది, వెనక్కి వేయబోయిన అడుగు కూడా ఇసుకతో పాటు ముందుకే పోతుంది. అలా జారుతున్నట్టు అనిపిస్తే నిలబడి ఆలోచించొద్దు. వెంటనే వెల్లకిలా వెనక్కి పడిపోయి, చేతులతో గట్టు వైపు నెట్టుకోండి.

పోయిన ఏడు దిగాం కదా అన్న ధైర్యం కూడా పనికిరాదు. వరద వచ్చిన ప్రతిసారీ ఏటి అడుగు మారుతుంది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు చెయ్యేరు ఊళ్ల మీద పడి, పొలాల్లో ఇసుక మేటలు వేసి పోయింది. అది పెద్ద వరద, నిజమే. చిన్న వరదలు కూడా చిన్న ఎత్తున ఆ పనే చేస్తాయి. కాబట్టి ఏటా కొత్త మడుగే అనుకోండి.

ఎక్కడికి పోవచ్చు, ఎక్కడికి వద్దు

ఇంటిల్లిపాదీ పోయేటట్టయితే జనం ఎప్పుడూ స్నానాలు చేసే చోటే మేలు. పుష్పగిరి దగ్గర పెన్న, గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర కొండను చీల్చుకుని వచ్చే పాపాఘ్ని, అత్తిరాల దగ్గర చెయ్యేరు అలాంటివి. అక్కడ ఊరు ఉంది, మనుషులు ఉంటారు, కేకేస్తే వినిపిస్తుంది. నీళ్లు ఉన్నాయో లేవో మాత్రం ఆ ఊళ్లో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి కనుక్కోండి, కొన్నేళ్లు మే నెలలో తడి ఇసుక కూడా దొరకదు. గుడి ఉంది కదా అని నీళ్లు భద్రం అనుకోవద్దు. జనం మునిగే నాలుగు గజాలు దాటితే అదీ మామూలు ఏరే.

గండికోటను పైనుంచి చూడండి, ఫొటోలు తీసుకోండి, తిరిగి రండి. లోయలోకి దిగి ఈత కొట్టే ఆలోచన వద్దు. రెండు పక్కలా నిటారు బండ, మెరక అన్నది దాదాపు ఉండదు, అలసిపోతే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఏమైనా జరిగితే మనిషిని పైకి తేవడానికే గంటలు పడుతుంది.

లంకమల, పాలకొండలు, శేషాచలం అడవుల్లో మంచి గుండాలు ఉన్నాయి. అయితే అవి అటవీ శాఖ చేతిలో ఉన్న చోట్లు, అనుమతి ఉంటేనే పోవాలి. ఎర్రచందనం దొంగల వల్ల అక్కడ కొత్త మనిషి కనిపిస్తే సిబ్బందికి మొదట వచ్చేది అనుమానమే. ఈతకొచ్చాం సార్ అని చెప్పుకుంటూ పొద్దంతా కూర్చోవాల్సి వస్తే పిల్లలు ఏడుపు మొదలుపెడతారు.

ఎవరిని అడగాలి, ఏమని అడగాలి

చోటు కుదిరాక, బట్టలు విప్పకముందే అడగండి. అక్కడ ఈదుతున్న కుర్రాళ్లను అడిగితే "ఏం కాదులేన్నా, దిగు" అంటారు. వాళ్లకు ఆ మడుగు రోజూ అలవాటు, ఏ రాయి ఎక్కడుందో కాలికి తెలుసు. మీ కాలికి తెలియదు. గొర్రెలు కాసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, పక్క పొలంలో మోటరు వేసుకోవడానికి వచ్చిన రైతు, వీళ్లను అడగండి.

"లోతెంత?" అని అడిగితే "ఉంటాది మనిషి లోతు" అన్న జవాబే వస్తుంది, దాంతో ఏమీ తేలదు. ఇలా అడగండి: "ఈ పక్క ఇసుక ఎత్తినారా పెద్దాయనా?" "ఎనుములు యాడ దిగుతాయి?" "ఇందులో ఎవరన్నా పోయినారా?" మూడో ప్రశ్న అడగడానికి నోరు రాదు గానీ అదే ముఖ్యం. ఎవరైనా పోయిన చోటును ఊరు మర్చిపోదు. "ఆ చింతమాను పక్కకు పోవద్దు నాయనా, ఆడ గుంత ఉండాది" అని చెప్పి చెయ్యి చూపిస్తారు. ఇక ఆ చింతమాను వైపు పోవద్దు, అంతే.

ఎనుములు దిగే చోటు ఎందుకంటే, అక్కడ గట్టు వాలుగా ఉంటుంది, దిగడానికీ ఎక్కడానికీ పనికొస్తుంది. అయితే ఎనుము ఈదగలదు. అది మడుగు మధ్యకు పోయిందని మనమూ పోకూడదు.

ఎప్పుడు పోవాలి

పొద్దున్నే. ఆరున్నరకు చేరుకుని తొమ్మిదిన్నరకు బయటపడితే బాగుంటుంది. పది దాటితే ఇసుక కాలుతుంది, పిల్లలు చెప్పుల కోసం ఏడుస్తారు. సాయంత్రం కూడా పోవచ్చు గానీ మే నెలలో సాయంత్రాలు నమ్మలేం. ఉన్నట్టుండి గాలి లేస్తుంది, ఉరుము ఉరుముతుంది. ఉరుము వినబడితే నీళ్లలో ఉండొద్దు, ఒంటరి చెట్టు కిందికీ పోవద్దు, బండి ఎక్కి ఊళ్లోకి వచ్చేయండి.

మనమున్న చోట వాన లేకపోయినా ఎగువన పడితే వంకలు పొంగుతాయి. ఎగువన డ్యాం ఉంటే అదీ చూసుకోవాలి. పాపాఘ్ని మీద వెలిగల్లు ఉంది, పెన్న మీద గండికోట, మైలవరం ఉన్నాయి. ఎండాకాలంలో కూడా తాగునీటికని నీళ్లు వదులుతుంటారు. దిగేముందు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పెట్టండి. గట్టున కూర్చున్నవాళ్లు అప్పుడప్పుడూ దాన్ని చూడాలి. నీళ్లు పుల్ల దాటి రెండు వేళ్లు పైకొచ్చినా, తేటగా ఉన్న నీళ్లు ఎర్రబారినా, ఆకులూ నురగా కొట్టుకొస్తున్నా అందరూ బయటికి రావాలి. "ఇంకో ఐదు నిమిషాలు" అనేవాళ్లు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. వాళ్ల మాట వినొద్దు.

ఏమేం తీసుకుపోవాలి

గట్టి నైలాన్ తాడు, ఇరవై మీటర్లు. నిలువెత్తుకంటే పొడవైన వెదురు గడ. మూత బిగువుగా ఉన్న ఐదు లీటర్ల ఖాళీ క్యాన్లు నాలుగైదు. ఈత రానివాళ్లకు లైఫ్ జాకెట్ కొంటే ఇంకా మంచిది, బరువుకు తగ్గ సైజు చూసి కొనండి. లారీ ట్యూబును నమ్ముకోవద్దు. అది పిల్లల్ని మోస్తూ మోస్తూనే లోతులోకి తీసుకుపోతుంది, పక్కకు ఒరిగితే తిరగబడుతుంది.

కాళ్లకు పాత కాన్వాస్ బూట్లు వేసుకోండి. ఇసుకలో పగిలిన సీసా పెంకులు ఉంటాయి, ఎవరు పారేశారో చెప్పక్కర్లేదు. ఆడవాళ్లు చీర, నైటీ, పొడుగు చున్నీతో దిగొద్దు, తడిసిన గుడ్డ కాళ్లకు చుట్టుకుని లాగేస్తుంది. లెగ్గింగు, టీషర్టు మేలు. చున్నీ గట్టు మీద ఉంచండి, అవసరమైతే అదే తాడవుతుంది.

తిండి సంగతి మీ ఇష్టం. ఉగ్గాని, బజ్జీ కట్టుకుపోతే ఈత తర్వాత ఆ ఆకలికి దేవుడు కనిపిస్తాడు. కుండలో మజ్జిగ, తాగే నీళ్లు ఎక్కువగా పెట్టుకోండి, నీళ్లలో ఉన్నంతసేపూ దాహం తెలియదు. మందు మాత్రం వద్దు. తాగినవాడు గుంపులో ఉంటే అతన్ని నీళ్లలోకి దిగనివ్వొద్దు, కావాలంటే కోపం తెచ్చుకోనివ్వండి.

గడ పెట్టి చూడటం

ఇక అసలు పని. దీనికి పావుగంట పడుతుంది, పిల్లలు తొందర పెడతారు, పట్టించుకోవద్దు.

వెదురు గడకు మీ మోకాలు, నడుము, ఛాతీ ఎత్తుల్లో రంగు గుడ్డ పీలికలు కట్టండి. బాగా ఈత వచ్చిన ఒకరు తాడు చంకల కింద కట్టుకోవాలి. గట్టు మీద ఇద్దరు ఆ తాడు పట్టుకోవాలి. దిగిన మనిషి అడుగు ఎత్తి వేయకుండా, పాదం నేల మీద ఈడ్చుకుంటూ, గడను ఒక అడుగు ముందు గుచ్చి చూస్తూ పోవాలి.

గడ చెప్పేది వినడం తొందరగానే అలవాటవుతుంది. గట్టి ఇసుకైతే కాస్త దిగి ఆగుతుంది. బండైతే టక్కుమంటుంది. బురదైతే నొక్కే కొద్దీ దిగుతూనే ఉంటుంది, పైకి లాగితే చివర నల్లటి ఒండు అంటుకుని కంపు కొడుతుంది. అలాంటి చోట కాలు దిగితే పైకి రాదు, ఆ పక్కకు పోవద్దు. ఒక్క అడుగు ముందుకు గుచ్చగానే లోతు జానెడు కంటే ఎక్కువ పెరిగితే అక్కడ ఆగాలి, అదే హద్దు. ఖాళీ క్యానుకు తాడు కట్టి, రెండో కొసకు రాయి కట్టి అక్కడ వేయండి, క్యాను తేలుతూ ఉంటుంది. ఇలా మూడు నాలుగు చోట్ల వేస్తే పిల్లలకు కూడా అర్థమయ్యే గీత ఏర్పడుతుంది: క్యాన్లు దాటితే ఇంటికే.

కంటితో లోతు అంచనా కట్టొద్దు. తేట నీళ్లు లోతును తక్కువ చేసి చూపిస్తాయి, పైనుంచి చూస్తే మూడడుగులు అనిపించేది నిజానికి నాలుగడుగులు ఉంటుంది. ఐదేళ్ల పిల్లాడికి ఆ ఒక్క అడుగే ప్రాణం. ఈత రానివాళ్లకు హద్దు వాళ్ల నడుము, మీ నడుము కాదు.

నీళ్లలో

తలకిందులుగా దూకడం ఎవరికీ వద్దు, ఈత ఎంత బాగా వచ్చినా సరే. అడుగున రాయి తగిలి మెడ విరిగితే బతికినా మంచానికే. మెల్లగా దిగండి. మెడ, ఛాతీ తడుపుకుని అప్పుడు మునగండి. నిలిచిన మడుగులో పైన గోరువెచ్చగా ఉన్న నీళ్లు కింద చల్లగా ఉంటాయి. ఎండలోంచి వచ్చి ఒక్కసారిగా మునిగితే ఊపిరి ఎగబీల్చుతాం, ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే కష్టం. పిక్క పట్టేస్తే కంగారు పడకుండా వెల్లకిలా తిరిగి తేలండి, కాలి బొటనవేలును మీ వైపుకు లాక్కోండి, వదులుతుంది.

చిన్నపిల్లలు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. మునిగిపోయే పిల్లలు కేకలు వేస్తారని, చేతులు ఊపుతారని అనుకుంటాం. అలా జరగడం తక్కువ. నోరు నీటి మట్టానికి వస్తుంది, తల వెనక్కి వాలుతుంది, గొంతులోంచి శబ్దం రాదు, నిమిషం లోపే కిందికి పోతారు. పక్కనున్నవాళ్లు ఆడుకుంటున్నాడనే అనుకుంటారు. అందుకని ఒక పెద్ద మనిషి గట్టు మీదే ఉండాలి, దిగకూడదు, ఫోన్ చూడకూడదు. అరగంటకొకరు మారండి. ఈ పని ఎప్పుడూ ఒక్క అమ్మమ్మకే అప్పగించి మిగతావాళ్లంతా దిగడం అన్యాయం, ఆమెకు ఈత రాకపోతే ప్రమాదం కూడా.

పచ్చగా, గోరువెచ్చగా, నురగ కట్టి ఉన్న నీళ్లలో అసలు దిగొద్దు. అలాంటి నిలవ నీళ్లు ముక్కులోకి పోతే అరుదుగానైనా మెదడును తినే అమీబా జబ్బు వస్తుంది, కేరళలో ఈ మధ్య కేసులు వచ్చాయి. కాళ్ల మీద పుండ్లు ఉంటే ఆ రోజుకు గట్టు మీదే కూర్చోండి. నీళ్లలో కనిపించేది ఎక్కువగా నీరుకట్టు పామే, విషం లేదు, దాని దారిన అది పోతుంది. కర్నూలు వైపు తుంగభద్ర, కృష్ణలకు పోతే మాత్రం మొసళ్ల సంగతి స్థానికులను అడగకుండా దిగొద్దు.

ఎవరైనా మునిగితే

వెంట దూకొద్దు. పేపర్లో "ఒకరిని కాపాడబోయి ఇద్దరు" అన్న వార్త ప్రతి ఎండాకాలం వస్తుంది. మునుగుతున్న మనిషి దొరికినదాన్ని కరుచుకుంటాడు, అది మీ మెడ అయితే ఇద్దరూ పోతారు. గట్టు మీద బోర్లా పడుకుని గడ అందించండి. అందకపోతే తాడు, చున్నీ విసరండి. క్యానులో కొద్దిగా నీళ్లు పోసి మూత బిగించి విసిరితే దూరం పోతుంది, తేలుతుంది కూడా. మనిషి కనిపించకుండా పోతే, మునిగిన చోటుకు ఎదురుగా అవతలి గట్టున ఉన్న చెట్టునో బండనో గుర్తు పెట్టుకోండి. వచ్చే ఈతగాళ్లకు అది చాలా పనికొస్తుంది. ఒకరు 112కో 108కో ఫోన్ చేయాలి, ఇంకొకరు ఊళ్లోకి పరుగెత్తాలి.

బయటికి తీశాక పొట్ట నొక్కొద్దు, కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పొద్దు. నీళ్లు కక్కించడం మన పాత అలవాటు, దాంతో విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోటితో రెండుసార్లు ఊపిరి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున నొక్కండి. పెద్దవాళ్లకైతే ఛాతీ ఐదు సెంటీమీటర్లు దిగాలి. మళ్లీ రెండు ఊపిర్లు, మళ్లీ 30. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. లేచి కూర్చుని మాట్లాడినా ఆసుపత్రికి తీసుకుపోండి, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతే కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలుకావచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు

తలలు లెక్కపెట్టండి. క్యాన్లు, తాడు లాగేసి తెచ్చుకోండి. ప్లేట్లు, కవర్లు ఇసుకలో పూడ్చకుండా సంచిలో వేసుకోండి, మొదటి వరదకే అవన్నీ పైకి తేలతాయి. గుంత ఏదైనా మీకు దొరికి ఉంటే ఊళ్లో చెప్పి రండి. ఈత కొట్టిన పిల్లలు ఎండలో బండి మీద కూర్చోగానే నిద్రపోతారు, కాబట్టి చిన్నవాళ్లను వెనక చివర కూర్చోబెట్టకుండా మధ్యలో పెట్టుకుని, మెల్లగా నడపండి.